వెలిసిన నీలం – పాత కారు రంగు గురించి కొంత చరిత్ర, కొంత సొంత గోడు

కిందటేడు వేసవిలో మా అన్నయ్య ఫోను చేసి, "ఒరేయ్, నాన్నగారి కారుకి రంగు వేయిద్దామనుకుంటున్నాను. షెడ్డు మేస్త్రితో మాట్లాడాను. పాత పెయింటంతా రేకుదాకా గీకించేసి, కొత్తది కొడతానన్నాడు. మావాడి పెళ్ళికి ఆ బండిలోనే ఊరేగింపు" అన్నాడు. అందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. తండ్రి కారును బాగుచేయించి కొడుకు పెళ్ళికి వాడుకోవాలనుకోవడం ముచ్చటైన ఆలోచనే. అయినా "గీకించేసి" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. "ఒక్క నెల ఆగు అన్నయ్యా, నేను వచ్చి చూస్తాను" అన్నాను. ఎందుకు ఆగమన్నానో ఆ క్షణాన నాకే తెలియదు. తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందుగా ఆ కారు సంగతి. అది 1968 నాటి అంబాసిడరు, మార్క్ టూ. నాన్నగారు కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊళ్ళో వైద్యులు. రాత్రి వేళ పల్లెల నుంచి కబురొస్తే ఆ కారులోనే వెళ్ళేవారు. దాని రంగు బూడిద కలిసిన నీలం. ఆయన పోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచీ కారు పెరట్లో రేకుల పాకలోనే ఉంది. నీలం కాస్తా వెలిసి, పాలు కలిపిన నీళ్ళలా తయారైంది. వేలితో రాస్తే పలక మీద సుద్దలా తెల్లని పొడి అంటుకుంటుంది. డ్రైవరు వైపు తలుపు పైఅంచున, అద్దం దిగే చోట, తమలపాకంత మేర రంగు పూర్తిగా అరిగి లోపలి ఎర్రని ప్రైమరు కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా నాన్నగారి కుడి మోచేయి ఆనిన చోటది.

గీకితే పోయేది పెయింటు. నిజమే. అయితే ఆ పెయింటు అసలేమిటి? ఎక్కడినుంచి వచ్చింది? ఎందుకు వెలిసింది? ఈ ప్రశ్నలతో మొదలుపెట్టి చదువుకుంటూ పోతే, నేననుకున్నదానికన్నా పెద్ద చరిత్రే బయటపడింది.

* * *

తొలినాటి మోటారుకార్లకు గుర్రపు బగ్గీలకు వేసినట్టే రంగు వేసేవారు. అవిసె నూనె, రంగుపొడులు, వార్నీషు, వీటితో చేసిన పూత. కుంచెతో ఒక పూత వేయాలి, రోజులకొద్దీ ఆరనివ్వాలి, ప్యూమిస్ రాయి పొడితో నున్నగా రుద్దాలి, మళ్ళీ ఇంకో పూత. ఇలా పది పన్నెండు పూతలు పడితే కానీ మంచి బండి తయారయ్యేది కాదు. ఒక్క రంగు పనికే వారాలు పట్టేది. కారు చేయడానికి పట్టే కాలంకన్నా దానిమీద రంగు ఆరడానికి పట్టే కాలమే ఎక్కువ. ఆరేదాకా వాటిని నిలబెట్టడానికి కప్పు ఉన్న చోటు కావాలి, దుమ్ము పడకుండా చూడాలి. రోజుకు వందలకొద్దీ కార్లు చేయదలచినవాడికి ఇది పెద్ద ఆటంకమే.

ఫోర్డు మోడల్ టీ 1908లో వచ్చింది. తొలి ఏళ్ళలో అది వేరే రంగుల్లో కూడా దొరికేది. 1914 నుంచి నలుపు తప్ప మరో రంగు లేకుండా పోయింది. 1926 మోడలుతో కానీ మళ్ళీ రంగులు రాలేదు. ఆ నలుపు 'జపాన్ నలుపు' అనే జాతి పూత. తారు వంటి ఖనిజాన్ని నూనెల్లో కలిపి చేస్తారు. గట్టిది, చవకైనది. కొన్ని భాగాలను అందులో ముంచి పొయ్యిలో కాల్చేవారు కూడా.

ఈ చిక్కుముడిని విప్పినది ఒక మందుగుండు కంపెనీ కావడం చరిత్రలోని చమత్కారం. దూదిని నైట్రికామ్లంతో కలిపి శుద్ధి చేస్తే నైట్రోసెల్యులోజు వస్తుంది. ఒక పాళ్ళలో చేస్తే అది తుపాకిమందు. ఇంకో పాళ్ళలో చేస్తే పాతకాలపు సినిమా ఫిల్ము. మొదటి ప్రపంచయుద్ధంలో డ్యూపాంట్ కంపెనీ తుపాకిమందును గుట్టలుగా తయారుచేసింది. యుద్ధం ముగిశాక ఆ పరిజ్ఞానానికి కొత్త ఉపయోగాలు వెతుక్కోవలసి వచ్చింది. జనరల్ మోటార్సుతో కలిసి చేసిన ప్రయోగాల ఫలితంగా 1923లో ఆ నైట్రోసెల్యులోజుతోనే చేసిన కారు పూత బయటకు వచ్చింది. 1924 మోడలు ఓక్‌లాండ్ కార్లకు దానితో నీలంరంగు వేశారు. వారాల పని గంటల్లోకి వచ్చింది. ఆ పూత పేరు డ్యూకో.

ఈ పేరు మీరు వినే ఉంటారు. మన వడ్రంగి షాపుల్లో బీరువాకో తలుపుకో నున్నగా స్ప్రే కొట్టించాలంటే ఈనాటికీ "డ్యూకో కొట్టించండి" అంటారు. అలా అనేవారిలో చాలామందికి అది ఒక అమెరికా మందుగుండు కంపెనీ పేరులోని తొలి అక్షరాలని తెలియదు. నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు. మాటలు దేశాలు తిరిగి వచ్చి మన వీధిలో కాపురం పెట్టడం అంటే ఇదే కాబోలు.

తరవాత 1930 ప్రాంతాల్లో ఆల్కిడ్ ఎనామిళ్ళు వచ్చాయి. ఈ రెంటికీ తేడా తెలిస్తే పాత కారు రంగు గురించి సగం తెలిసినట్టే. డ్యూకో వంటి లాకరు కేవలం ద్రావకం ఆవిరై ఆరుతుంది. ఎన్నేళ్ళయినా దాని థిన్నరు తగిలిస్తే మళ్ళీ కరుగుతుంది, పచ్చికుండ నీళ్ళలో కరిగినట్టు. ఎనామిలు అలాకాదు. ద్రావకం పోయాక గాలిలోని ఆమ్లజనితోనో, పొయ్యి వేడికో దానిలోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. కాల్చిన కుండ మళ్ళీ మట్టికానట్టే అది తిరిగి కరగదు. లాకరు మెరవాలంటే రుద్దాలి. ఎనామిలు ఆరుతూనే మెరుస్తుంది. 1950ల చివర జనరల్ మోటార్సు ఆక్రిలిక్ లాకర్లకు మారింది. 1980లనుంచి రంగు మీద పారదర్శకమైన పొర ఒకటి వేయడం క్రమంగా అన్నిచోట్లా మామూలైంది. ఇప్పటి కార్లలో మనం తుడిచేది, గీరుకునేది ఆ అద్దంలాంటి పొరనే. రంగు దానికింద భద్రంగా ఉంటుంది. పాతకార్లకు ఆ కవచం లేదు. ఎండా, వానా, దుమ్మూ, మన గుడ్డా, అన్నీ సూటిగా రంగునే తాకుతాయి.

* * *

వెలవడం అంటే ఏమిటి? పెయింటులో ముఖ్యంగా రెండే ఉంటాయి. రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే బంక. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలి, తేమ కలిసి పైపైన బంకను తినేస్తాయి. బంక పోయినచోట రంగుపొడి రేణువులు విడివిడిగా మిగిలిపోతాయి. వేలికి అంటే సుద్దపొడి అదే. రేణువుల మధ్య గాలి చేరడంతో వెలుగు అన్నివైపులకూ చెదిరిపోయి, కింద ఉన్న నీలం తెల్లగా, నీరసంగా కనిపిస్తుంది.

కడపరాయి పరచిన వసారాను గుర్తుతెచ్చుకోండి. ఎండాకాలంలో అది బూడిదరంగు. నాలుగు చెంబుల నీళ్ళు పోస్తే ఒక్కసారి కాటుకనలుపు. నీళ్ళు రాయికి కొత్తగా రంగు వేయలేదు. గరుకు సందుల్లో నిండి, వెలుగు చెదరకుండా చేశాయంతే. వెలిసిన పెయింటుకు నూనె రాస్తే నిగనిగలాడడం కూడా ఇలాంటిదే. మా ఊళ్ళో ట్యాక్సీవాళ్ళు పండగపూట కొబ్బరినూనెతోనో కిరసనాయిలుతోనో కారు తుడిచేవారు. ఆ పూటకు పెళ్ళికొడుకులా ఉండేది. మర్నాటికి దుమ్మంతా అంటుకుని మరింత దిగులుగా తయారయ్యేది.

ఇందులో ఒక ఓదార్పు ఉంది. ఆ తెల్లదనం పైపైనిదే. కింద, ఎండ సోకని పొరలో, 1968 నాటి నీలం అలాగే ఉంటుంది. ఒక భయం కూడా ఉంది. కార్ఖానా వేసిన మొత్తం పూత మందం మహా అయితే మిల్లీమీటరులో పదోవంతు. గట్టిగా పాలిష్ పెట్టిన ప్రతిసారీ అందులో కొన్ని మైక్రాన్లు గుడ్డకు అంటుకుని పోతాయి. పాత పెయింటు బ్యాంకులో వేసిన డబ్బులాంటిది, అయితే అందులోంచి తీయడమే తప్ప మళ్ళీ వేయడమంటూ ఉండదు.

* * *

పాతదాన్ని కొత్తగా చేయాలా, పాతదానిగానే నిలపాలా? ఈ తగవు కార్లకన్నా చాలా పాతది. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో వియొలే ల్యుద్యూక్ పాత చర్చీలను, కోటలను బాగుచేస్తూ, అవి ఎలా ఉండి ఉండాలో తాను ఊహించి అలా పూర్తిచేశాడు. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లో వెలువరించిన గ్రంథంలో ఈ పద్ధతిని తీవ్రంగా ఖండించాడు. ఆయన దృష్టిలో పునరుద్ధరణ అంటే కట్టడాన్ని నాశనం చేయడమే. 1877లో విలియం మారిస్ అనే కవి, చిత్రకారుడు పాత కట్టడాల రక్షణకై ఒక సంఘం పెట్టాడు. చర్చి గోడల మీది పాత గచ్చును గీకి పారేయడం ఆనాటి వాడుక. దాన్ని వ్యతిరేకించారు గనుక ఆ సంఘానికి ముద్దుపేరు 'గీకుడు వ్యతిరేక సంఘం' అన్న అర్థంలో స్థిరపడింది.

ఇక్కడ నన్ను కాసేపు కుర్చీలో కూర్చోబెట్టిన విషయం ఒకటుంది. ఆ సంఘం పుట్టిన 1877లోనే ఇంకో విలియం మారిస్ కూడా పుట్టాడు. ఇతడు సైకిళ్ళు బాగుచేస్తూ మొదలై, ఆక్స్‌ఫర్డులో మారిస్ కార్ల కంపెనీ స్థాపించి, లార్డ్ నఫీల్డ్ అయ్యాడు. ఆ కంపెనీ చేసిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారునే హిందుస్తాన్ మోటార్సువారు 1950ల చివర పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో అంబాసిడరు పేరిట తయారుచేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ తయారీ ఆగిపోయింది. ఇద్దరు మారిస్‌లకూ బంధుత్వమేమీ లేదు. అయినా ఒక మారిస్ వంశపు కారును గీకాలా వద్దా అని ఆలోచిస్తూ ఇంకో మారిస్‌ను చదువుతుంటే నవ్వొచ్చింది.

కట్టడాల విషయంలో ఈ ఆలోచన 1964 నాటి వెనిస్ ఒడంబడికతో ఒక రూపానికి వచ్చింది. ఆయా కాలాలు చేర్చిన మార్పులను గౌరవించాలి, ఊహాగానం మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి, అన్నవి అందులోని ముఖ్యసూత్రాలు. కార్లకు ఈ గౌరవం దక్కడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. చాలాకాలం పాత కార్ల ప్రదర్శనల్లో బహుమతులన్నీ రేకుదాకా విప్పి, కార్ఖానానుంచి వచ్చిననాటికన్నా ఎక్కువ మెరిసేలా చేసిన కార్లకే వెళ్ళేవి. కాలిఫోర్నియాలో 1950నుంచి జరిగే పెబుల్ బీచ్ ప్రదర్శనలో, బాగుచేయని కార్లకు ప్రత్యేక విభాగం 2001లో కానీ రాలేదు. ఫిలడెల్ఫియాలో ఫ్రెడ్ సిమియోన్ అనే నాడీశస్త్రవైద్యుడు తన పందెపు కార్లతో 2008లో మ్యూజియం తెరిచి, పాత కారును చారిత్రక పత్రంలా చూడాలని వాదించాడు. 2012లో పాతవాహనాల అంతర్జాతీయ సమాఖ్య వెనిస్ ఒడంబడిక బాటలో టూరిన్ ఒడంబడికను ఆమోదించింది.

ఇటలీ, స్విట్జర్లండు సరిహద్దులోని మజోరే సరస్సు అడుగున డెబ్భై ఏళ్ళకు పైగా పడి ఉన్న 1925 నాటి బుగాటీని 2009లో పైకి తీశారు. ఒక పక్క తుప్పు తినేసి ఎముకలగూడులా ఉంది. 2010లో వేలంలో కొన్నవారు దాన్ని బాగుచేయలేదు. కాలిఫోర్నియాలోని ములిన్ మ్యూజియంలో, 2024లో ఆ మ్యూజియం మూతపడేదాకా, అలాగే ప్రదర్శించారు. 2024 ఆగస్టులో పెబుల్ బీచ్ సర్వోత్తమ బహుమతి, ఆ ప్రదర్శన చరిత్రలో మొదటిసారిగా, బాగుచేయని కారుకు దక్కింది. అదీ ఒక బుగాటీయే, 1934 నాటి టైప్ 59.

ఆ టైప్ 59 కథలో నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. దాని మీద చెక్కుచెదిరి కనిపిస్తున్న నలుపు కార్ఖానా వేసినది కాదు. పందెపుకారుగా అది మొదట నీలం. తరవాత దాన్ని కొనుక్కున్న బెల్జియం రాజు మూడవ లియోపోల్డ్ నలుపు వేయించి పసుపు చార పెట్టించాడు. బాగుచేయడమంటే నీలానికి తిరిగి వెళ్ళడమే అనేవారు ఉంటారు. అయితే ఆ రాజు కొన్న కథ నలుపులోనే ఉంది. దేన్ని అసలు రంగు అనాలి?

అన్ని పాత కార్లకూ ఒకే న్యాయం చెల్లుతుందని నేననను. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకోదలచిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. కారు తయారయ్యేలోపు 1911లోనే ఆయన కన్నుమూశారు. దానికి మెరుగులు దిద్ది తళతళలాడేలా ప్రదర్శనకు పెట్టారు. ఊరేగింపుల్లో సింహాసనంలా కనపడడానికి పుట్టిన కారు అది. దానికి ఆ తళుకే సహజం. లేపాక్షి మంటపం పైకప్పు చిత్రాలను మాత్రం ఎంత వెలిసినా, పెచ్చులూడినా, చెరిపేసి కొత్తగా వేయమని ఎవరూ అనరు. మరి ఒక పల్లెటూరి డాక్టరుగారి అంబాసిడరు వీటిలో ఏ కోవకు చెందుతుంది? ఈ ప్రశ్న పట్టుకునే ఊరికి వెళ్ళాను.

* * *

షెడ్డు మేస్త్రి నేననుకున్నట్టు మొండివాడు కాడు. కారు చుట్టూ తిరిగి, తలుపుల కింది అంచులు తట్టి చూసి, "బాబుగారూ, పైన మీరేం చేసుకున్నా సరే. కింద మాత్రం తుప్పు ఉంది. ఈ వానాకాలం వదిలేస్తే రేకు చేతిలోకి వస్తుంది. అప్పుడు నాన్నగారి రంగూ ఉండదు, నాన్నగారి బండీ ఉండదు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కాపాడడం అంటే ముట్టుకోకుండా ఉండడం అని అప్పటిదాకా అనుకుంటున్న నాకు అది మొదటి పాఠం.

నేను హైదరాబాదునుంచి పెయింటు మందం కొలిచే పరికరం ఒకటి అరువు తెచ్చాను. రేకుమీద ఆనిస్తే మైక్రాన్ల లెక్క చెబుతుంది. టాపు మీద 90 చిల్లర. తలుపుల మీద వంద. బాయినెట్టు మీద, ఎండా ఇంజను వేడీ రెండూ తినడంవల్ల కాబోలు, 70 దాటలేదు. వెనక ఎడమ మడ్‌గార్డు దగ్గరకు వచ్చేసరికి అంకె ఒక్కసారి 600కు ఎగబాకింది. పరికరం పాడైందనుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. అంటే అక్కడ లోపల పుట్టీ ఉంది. ఎప్పుడో దెబ్బతిని, పూడ్చి, రంగు వేశారన్నమాట. అన్నయ్యకు తెలియదు. నాకు తెలియదు.

వసారాలో కూర్చున్న అమ్మ అంది, "అది ఉప్పెన నాటిది రా."

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టనబెట్టుకున్న సంగతి మా ప్రాంతంవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. దారులు కాస్త తెరుచుకోగానే నాన్నగారు మందులు వేసుకుని అవనిగడ్డ వైపు వెళ్ళారట. చీకట్లో వెనక్కి తిప్పుతుంటే పడిపోయిన తాటిమాను తగిలి మడ్‌గార్డు లోపలికి పోయింది. పది రోజుల తరవాత ఇంటికి వచ్చారు. "వచ్చి ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులు పడుకున్నారు. ఆ తరవాత ఆ సొట్ట బాగుచేయించారు. ఎవరైనా అడిగితే చెప్పాల్సి వస్తుందని" అంది అమ్మ. అప్పుడు నాకు నాలుగేళ్ళు, అన్నయ్యకు తొమ్మిది. ఈ మాట మా ఇద్దరిముందూ ఆమె అనడం అదే మొదటిసారి.

అన్నయ్య ఆ మడ్‌గార్డు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తరవాత మేస్త్రితో, "కింద తుప్పువరకు చూడు. పైన గీకవద్దు" అన్నాడు. నేను పోగుచేసుకుని వచ్చిన రస్కిన్‌లూ, మారిస్‌లూ, ఒడంబడికలూ ఏవీ నేను బయటకు తీయనే లేదు.

* * *

ఇక చేసిన పని చెబుతాను. ఎవరికైనా పనికివస్తుందేమో.

మొదట పెయింటు జాతి తేల్చుకోవాలి. డిక్కీ మూత లోపలివైపు, ఎవరికీ కనపడనిచోట, థిన్నరు తడిపిన దూదితో తాకి చూశాం. కరగలేదు గనుక ఎనామిలు. బయట తెల్లని తడిగుడ్డతో రుద్దితే గుడ్డ నీలమైంది గనుక పైన పారదర్శక పొర లేదు.

తరవాత నీడపట్టున, బకెట్ల నీళ్ళతో, మెత్తని సబ్బుతో కడిగాం. పొడిగుడ్డతో దుమ్ము దులపడం మనందరి అలవాటు. పెయింటుకు దానంత చేటు ఇంకోటి లేదు. దుమ్ములోని ఇసుకరేణువే ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ గనుక ఎక్కడా పొడిగా రుద్దలేదు. తొడుగులు వేసుకున్నాం, నీలమైన గుడ్డలను వేరే సంచిలో కట్టి పారేశాం, పిల్లల్ని దగ్గరకు రానీయలేదు.

ఆ పైన, రాపిడి లేని, నూనె ఎక్కువగా ఉన్న పాలిషును దట్టంగా పట్టించి రాత్రంతా వదిలేశాం. మర్నాడు మెత్తని తువ్వాలు గుడ్డతో తీశాం. మళ్ళీ పట్టించాం. ఇలా మూడుసార్లు. నూనె పెయింటుకు ప్రాణం పోస్తుందని కొందరంటారు. ఎండ తినేసిన బంక తిరిగిరాదు. కడపరాయి మీది నీళ్ళలా సందులు నిండి రంగు లోతుగా కనిపిస్తుంది. వదులైన సుద్ద మెత్తగా లేచి వచ్చేస్తుంది. మూడోరోజు పొద్దున గుడ్డ తీసేసరికి టాపు మీద, నా చిన్నప్పుడు నిచ్చెనెక్కి చూసిన నీలం కనిపించింది. కారు అంతటా సమానంగా కాదు. ఎడమ మడ్‌గార్డు రవంత ఆకుపచ్చ వైపు తిరిగిన నీలమని అప్పుడే తెలిసింది. 1977లో మా ఊరి పెయింటరు కంటితో చూసి కలిపిన రంగు అది. సుద్ద కప్పినన్నాళ్ళూ రెండూ ఒకేలా ఉన్నాయి.

చివరన మైనం. బ్రెజిల్‌లో పెరిగే కార్నౌబా తాటి ఆకులనుంచి తీసే మైనం ఇందుకు ప్రసిద్ధి. అది పెయింటుకు గొడుగు మాత్రమే. రెండు మూడు నెలలకొకసారి మళ్ళీ పెట్టుకోవాలి. కారు మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల తేమ చేరి బుడగలు లేస్తాయి. గాలి ఆడే నూలు ముసుగు మేలు.

మేస్త్రి తలుపుల కింద తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేసి, వెలిసిన నీలానికి జతపడేలా రంగు కలిపాడు. కొత్తరంగు కలపడం తేలికట. పాతరంగుకు జతచేయడానికి అతనికి రెండు పూటలు పట్టింది. బారెడు దూరంనుంచి చూస్తే అతుకు తెలియదు. దగ్గరకు వస్తే తెలుస్తుంది. అలాగే ఉండాలని నేనే అడిగాను. అతను నావైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇందులో నా తప్పు ఒకటి దాచడం న్యాయం కాదు. బాయినెట్టు మధ్య గీతలా పొడుచుకు వచ్చిన అంచు దగ్గర ఒక మొండి మరక పోవడం లేదని, రాపిడి ఉన్న పాలిషుతో నాలుగు చేతులు ఎక్కువ తిప్పాను. గుడ్డ తీసి చూస్తే రూపాయి బిళ్ళంత ఎరుపు. నా గుండె జారిపోయింది. యాభై ఏళ్ళ ఎండ చేయలేనిది నేను రెండు నిమిషాల్లో చేశాను. మేస్త్రి వచ్చి చూసి, "అంచుల మీద రంగు ఎప్పుడూ పల్చనే బాబుగారూ. తడిమీద ఉన్నప్పుడే అటూ ఇటూ జారిపోతుంది. మేం అంచులకు కాగితం టేపు వేసుకుని మరీ రుద్దుతాం" అన్నాడు. ఆ ముక్క నేను చదివిన ఏ పుస్తకంలోనూ నా కంటపడలేదు. పడినా తలకెక్కలేదేమో.

రంగు అద్దమంటావా అని మేస్త్రి అడిగితే అన్నయ్య, "వద్దులే. ఎవరైనా అడిగితే మా తమ్ముడి పాండిత్యం అని చెప్తాను" అన్నాడు. ఆ మాట పెళ్ళిలో నిజంగానే నలుగురితో చెప్పాడు.

పెళ్ళిలో వియ్యాలవారి తరఫు పెద్దాయన ఒకరు కారు చుట్టూ తిరిగి, "ఇంత ఖర్చు పెట్టారు, బండికి కాస్త రంగు వేయించలేకపోయారా?" అని నొచ్చుకున్నారు. ఆయన అన్నదీ తప్పు కాదు. పూలదండల కింద అక్కడక్కడ ఎరుపు, ఒక మూల వేరే నీలం, మెరుపు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. అమ్మ మాత్రం కారు ఎక్కేముందు తలుపు అంచున ఆ తమలపాకంత మచ్చను చీరచెంగుతో ఒకసారి తుడిచింది. పొడిగుడ్డతో తుడవకూడదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను.

ఈ మధ్య అన్నయ్యే ఫోను చేసి, వానలు వెనకబట్టాయి, మైనం డబ్బా అయిపోయింది, వచ్చేటప్పుడు పట్టుకురమ్మన్నాడు. మీ ఇళ్ళ పాకల్లో ఇలాంటి బండి ఏదైనా ఉంటే, గీకించేముందు ఒకసారి పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఏ సొట్ట ఎప్పటిదో అడగండి.